సెలక్షన్ అయినాక

మొన్న ఆదివారం మా తమ్ముడు ఊరి నుంచి పనసపండు తెచ్చిచ్చి వెళ్లాడు. టెక్కలిలో మాది రెండు గదుల ఇల్లు. పండు కోసేసరికి వీధి మలుపు దాకా వాసన వెళ్లిపోయింది. చేతులకి నూనె రాసుకుని తొనలు వలిచి, పళ్లెంలో పెట్టి, లోపలి గదిలో చదువుకుంటున్న మా అబ్బాయికి తీసుకెళ్లాను. మూడేళ్లుగా వాడు ఆ పోటీ పరీక్షల పుస్తకాల మధ్యే కూర్చుంటున్నాడు. తలెత్తకుండానే, "అక్కడ పెట్టమ్మా, చాప్టర్ అయ్యాక తింటాను" అన్నాడు.

సాయంత్రం వెళ్లి చూస్తే పళ్లెం అక్కడే ఉంది. తొనల నిండా చీమలు.

"వచ్చే వారం మీ మావయ్య కూతురి పెళ్లిరా. ఒక్కపూట వచ్చి వెళ్లకూడదూ?" అన్నాను.

"జాబ్ వచ్చాక అందరి పెళ్లిళ్లకీ వస్తాలే అమ్మా" అని నవ్వాడు.

మంచి నవ్వే. అయినా నాకు భయమేసింది. పళ్లెం తీసుకుని వంటింట్లోకి వచ్చి, చీమలు పట్టిన తొనల్ని బుట్టలో పారేశాను. నాకు పదకొండేళ్లప్పుడు, ఇలాంటి మాటే ఒక మనిషి నోట ఏడాదంతా విన్నాను.

ఆ మనిషి మా చిన్నాన్న. నాన్నకి తమ్ముడు, మామ్మకి కడగొట్టు కొడుకు. అప్పటికి ఇరవై రెండేళ్లుంటాయి. సముద్రానికి మైలు దూరంలో, ఇసక నేల మీద మా ఊరు. ఎటు చూసినా కొబ్బరి, జీడి, పనస. శివరాత్రి నాటికి జీడితోటలు పూసి గాలంతా వగరు కలిసిన తీపి వాసన వేసేది. ఎండలు ముదిరాక రాలిన జీడిపళ్లు ఇసకలోనే పులిసిపోయేవి. ఆ వాసనకి ఈగలు ఎలా తిరిగేవో పిల్లలం మేమూ అలాగే తిరిగేవాళ్లం. దొంగతనంగా జీడిపిక్కలు ఏరి, ఎండుటాకుల మంటలో కాల్చుకు తింటే తొక్కలోని జీడి అంటి పెదాల చుట్టూ పొక్కేది. ఆ పొక్కులు చూసి మామ్మ ఏమీ అడగకుండానే చెవి మెలిపెట్టేది.

చిన్నాన్న ఇలాంటివేవీ ముట్టేవాడు కాదు. ఆయనకి మిలట్రీలో చేరాలని ఒకటే పట్టుదల. తెల్లవారుతుండగా లేచి, మా తోట చివరి నుంచి సముద్రం ఒడ్డు సరుగుడు తోపు దాకా ఇసక బాటలో పరిగెత్తేవాడు. ఇసకలో పరిగెడితే కాళ్లకి బలం వస్తుందని ఆయన నమ్మకం. వెళ్లి రావడానికి పట్టే టైం చూడటం నా పని. నాన్న చేతి గడియారం నాకు మోచేతి దాకా జారిపోయేది. దాన్ని పిడికిట్లో పట్టుకుని, కళ్లు నలుపుకుంటూ, సెకన్ల ముల్లు మీద చూపు పెట్టి కూర్చునేదాన్ని. ఆయన రొప్పుకుంటూ వచ్చి ఇసకలో కూలబడి, "ఎంతొచ్చినాదే?" అని అడిగేవాడు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పేటప్పుడు ఇంట్లో నా అంత పెద్దమనిషి మరొకరు లేరనిపించేది.

మామ్మ కవ్వళ్ల చేపల పులుసు పెడితే, "ఇప్పుడొద్దమ్మా, సెలక్షన్ అయినాక కడుపు నిండా తింతాను" అనేవాడు. అమ్మవారి సంబరానికి ఊరంతా కదిలితే ఆయన ఒక్కడూ పడుకునేవాడు, పొద్దున్నే పరుగుంటుందని. స్నేహితులు పలాసలో సినిమాకి రమ్మన్నా అదే జవాబు. నందిగాం నుంచి మామ్మ తమ్ముడు వచ్చి, తన కూతుర్ని చిన్నాన్నకి ఇచ్చే మాట మొదలుపెడితే, "మావా, సెలక్షన్ అయినాక తాంబూలాలు పుచ్చుకుందాం" అని లేచిపోయాడు.

ఆ పిల్లంటే ఆయనకి ఇష్టం లేక కాదు. ఆమె మా ఇంటికి వచ్చినప్పుడల్లా చిన్నాన్న నూతి దగ్గర అవసరం లేకపోయినా నీళ్లు తోడేవాడు. నేను ముందుగానే ఆమెని పిన్నీ అని పిలిచి తిట్లు తినేదాన్ని. "ఆవిడకి ఏటైనా సెప్పినావా సిన్నాన్నా?" అని ఒకసారి అడిగాను. "ఉత్త సేతుల్తో ఏటి సెప్తానే? యూనిఫారం ఏసుకుని వత్తాను గదా, అప్పుడు సెప్తాను" అన్నాడు.

నాకిచ్చిన మాటలు కూడా చాలా ఉన్నాయి. పలాస స్టేషన్‌లో రైలెక్కించి ఇచ్ఛాపురం దాకా తీసుకెళ్తాడట. బారువ ఒడ్డున నాటుపడవ ఎక్కిస్తాడట. ఎర్ర రిబ్బన్ల జోళ్లు కొంటాడట. ఇవన్నీ సెలక్షన్ అయినాక. మరిచిపోతాడేమోనని నా లెక్కల నోట్‌బుక్ చివరి పేజీలో అన్నీ వరసగా రాసి పెట్టుకున్నాను.

ఆ ఏడాది చలికాలం చివర్లో చిన్నాన్న టైం పెరగడం మొదలైంది. మొదట అయిదు సెకన్లు, తరవాత పది, తరవాత అర నిమిషం. ఎక్కువ వచ్చిందని చెప్పిన రోజు ఆయన అన్నం సరిగా తినేవాడు కాదు. మర్నాడు ఇంకోసారి పరిగెత్తేవాడు. నాకు జాలేసింది. ఒకరోజు పది సెకన్లు తగ్గించి చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. నన్ను భుజం మీద ఎక్కించుకుని ఇంటికి తీసుకెళ్లాడు. దాంతో నాకది అలవాటైపోయింది. ఆయన ఎంత నెమ్మదిగా వస్తే నేను అంత ఎక్కువ తగ్గించేదాన్ని. చివరికి నిమిషమున్నర దాకా తగ్గించి చెప్పినట్టు గుర్తు.

అదే రోజుల్లో ఆయన మొహం నిండుగా కనబడసాగింది. పొద్దున్న లేచేసరికి కళ్ల కింద ఉబ్బుగా, బుగ్గలు బూరెల్లా ఉండేవి. మామ్మ తెగ మురిసిపోయింది. "కసరత్తు సేత్తన్నాడు గదా, నా బిడ్డ ఒళ్లు సేసినాడు. ఎవురి కళ్లూ పడకుండా ఉండాల" అని సాయంత్రాలు ఉప్పు, మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసేది. జోళ్లు బిగుతయ్యాయని చిన్నాన్న అంటే, ఇసకలో పరిగెత్తి పాదాలు పెరిగాయని అందరం నవ్వాం.

సెలక్షన్‌కి శ్రీకాకుళం వెళ్లేరోజు మామ్మ కాళ్లకి దండం పెట్టాడు. నా దగ్గరకొచ్చి, "టైం సూసిన మేస్టారివి, నువ్వూ దీవించే" అన్నాడు. నేను పెద్దదానిలా ఆయన తల మీద చెయ్యి పెట్టాను.

గ్రౌండులో మూడో చుట్టుకి పడిపోయాడట. అక్కడి డాక్టరు చూసి, పాదం మీద బొటనవేలితో నొక్కితే పడిన గుంట ఎంతసేపటికీ పూడలేదట. ఆలస్యం చెయ్యకుండా విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లమన్నాడు. నాన్న కబురందుకుని పరిగెత్తాడు. వాళ్లిద్దరూ తిరిగొచ్చేసరికి పక్షం రోజులైంది. రెండు కిడ్నీలూ ఎప్పటినుంచో పాడైపోతున్నాయని, ఇప్పుడింక మిగిలింది చాలా తక్కువని చెప్పి పంపేశారు.

అప్పటికి మా ఊళ్లో ఆ జబ్బుకి పేరు లేదు. కాళ్లు వాచి పోయాడు అనేవారు, అంతే. నూతి నీళ్లన్నారు, ఎండన్నారు, ఏదో గాలి సోకిందన్నారు. ఇవాళ పలాసలో దానికోసమే ఆసుపత్రి ఉంది. ఎందుకొస్తుందో తేల్చి చెప్పిన వాళ్లు మాత్రం నాకింకా కనబడలేదు.

చిన్నాన్నకి వసారాలో నులకమంచం వేశారు. ఉప్పు వద్దన్నారు, పప్పు వద్దన్నారు, పండ్లు వద్దన్నారు. నీళ్లు రోజుకి ఇన్ని గ్లాసులే అని లెక్క పెట్టారు. కొబ్బరినీళ్లు మాత్రం చుక్క కూడా తాకించవద్దని, గుండె ఆగిపోతుందని డాక్టరు రెండుసార్లు చెప్పాడట. మంచం మీద పడుకుని ఎటు తిరిగినా కొబ్బరి చెట్లే కనబడే ఇల్లు మాది. మామ్మ ఉప్పులేని గంజి కలిపి ఇచ్చి, ఆయన తాగుతున్నంతసేపూ గోడకేసి తిరిగి నిలబడేది.

నేను మంచం దగ్గరకి వెళ్లడానికే భయపడ్డాను. గడియారం నాన్న పెట్టెలో అడుగున దాచేశాను. నాలుగో రోజో ఐదో రోజో ఆయనే పిలిచాడు.

"ఏటే గుంటా, నా ఏపు రావడం మానీసినావు?"

తల దించుకుని నిలబడ్డాను.

"ఒక మాట అడుగుతాను, నిజం సెప్పు. ఆకరి దినాల్లో నా టైం ఎంతొచ్చేదే?"

ఏడుపు ఆగలేదు. వెక్కుతూనే అంతా చెప్పాను. కొడతాడనుకున్నాను. ఆయన తాటాకుల కప్పుకేసి చూశాడు. తరవాత నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వితే దగ్గొచ్చింది.

"నాకు తెల్సునే. కాళ్లు నావి గావేటి? తెల్సి కూడా నీ మాటే నమ్మినాను. నమ్మితే బాగుండీది."

ఆ మాటకి నేను మరింత ఏడ్చాను. ఆయన నా జడ పట్టుకుని లాగి, "ఏడుపు ఆపు. నువ్వేదో పుస్తకంలో రాసుకున్నావట గదా, మీ అమ్మ సెప్పినాది. తే, సూద్దాం" అన్నాడు.

నోట్‌బుక్ తెచ్చి ఒక్కొక్కటీ చదివాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. "ఓలమ్మా, ఇన్నేటి!" అన్నాడు చివరికి. "ఇందల రైలుందే, అది రేపే ఎక్కీద్దాం."

మర్నాడు సూది మందు కోసం నాన్న ఆయన్ని పలాస తీసుకెళ్తుంటే నేనూ బయలుదేరాను. పలాసలో దిగగానే జీడిపిక్కలు కాల్చే పొగ వాసన ముక్కుకి పట్టేసింది. సూది పొడిపించాక, మమ్మల్ని స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టి నాన్న మందుల షాపుకి వెళ్లాడు. ఇచ్ఛాపురం వైపు వెళ్లే పాసింజరు వచ్చి ఆగింది. చిన్నాన్న నా చెయ్యి పట్టుకుని, "రా" అన్నాడు. టిక్కెట్లు ఎప్పుడు కొన్నాడో నాకు తెలియదు.

కిటికీ పక్కన నన్ను కూర్చోబెట్టాడు. వరికోతలైపోయిన పొలాలు, దూరంగా నీలంగా కొండలు, తాటిచెట్లు వెనక్కి పరిగెత్తాయి. ఎదురుగా ఒడియా మాట్లాడే ముసలావిడ బుట్టలోంచి బొరుగులు తీసి నా ఒళ్లో పోసింది. చిన్నాన్న రెండు గింజలు నోట్లో వేసుకుని, వాటినే ఎంతోసేపు నమిలాడు. ఆయన కళ్లు పెద్దవై అన్నిటినీ చూస్తున్నాయి. "ఈ రైలు పట్టాల పక్కన ఎన్నిసార్లు సైకిలేసుకెళ్లినానో. ఒక్కపాలీ ఇయ్యేవీ సూడలేదే" అన్నాడు. ఇచ్ఛాపురం దాకా వెళ్లలేకపోయాం. ఆయనకి ఆయాసం వచ్చి మందస రోడ్డు స్టేషన్‌లోనే దిగిపోయాం. రోడ్డు మీదకి నడిచి జీపు పట్టుకుని వెనక్కి పలాస వచ్చేసరికి నాన్న స్టేషనంతా వెతికి వెతికి పిచ్చివాడిలా ఉన్నాడు.

"పిల్లనట్టుకుని ఏటిరా ఈ పని? నీ ఒంట్లో ఎలగున్నాదో తెల్దా?" అని అందరిలో అరిచాడు.

"తెల్సే ఎక్కినాను అన్నియ్యా" అన్నాడు చిన్నాన్న. నాన్న తువ్వాలుతో ఆయన మొహం తుడిచి, జీపు దాకా నడిపించుకొచ్చాడు.

ఆ తరవాత వారమే నందిగాం నుంచి మామ్మ తమ్ముడూ, ఆయన కూతురూ చూడటానికి వచ్చారు. పెద్దవాళ్లు నూతి దగ్గర గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. హరిశ్చంద్రపురంలో ఏదో సంబంధం చూశామన్న మాట నా చెవిన పడింది. ఆమె వసారాలోకి వచ్చి మంచం పక్కన పీట వేసుకుని కూర్చుంది. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

"ఎలాగున్నావు బావా?" అంది ఎప్పటికో.

"బాగున్నాను. ఎండన పడొచ్చినారు, మజ్జిగ తాగినారా?" అని అడిగాడాయన.

అంతే. వాళ్లు వెళ్లిపోయాక నేను ఉండబట్టలేక, "సెప్పలేదేటి సిన్నాన్నా?" అన్నాను.

"ఇప్పుడు సెప్పకూడదే. ఆలీసం సేసినాను. ఇప్పుడు సెప్తే ఆ పిల్లని బతుకంతా ఏడిపించినట్టు" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ పూట గంజి కూడా తాగలేదు.

ఎండలు మండిపోతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం. ఇంట్లోవాళ్లంతా జీడిపిక్కలు ఏరడానికి తోటకి వెళ్లారు. తమ్ముణ్ణి చీర ఉయ్యాల్లో పడుకోబెట్టి, ఉయ్యాల్ని, చిన్నాన్నని చూస్తూ ఉండమని నాకు చెప్పి వెళ్లింది అమ్మ. చిన్నాన్న పెదాలు ఎండి పగిలి ఉన్నాయి. పెరట్లో కొత్తగా కాపుకొచ్చిన పొట్టి కొబ్బరిచెట్టు ఒకటుంది. బొండాలు పీట ఎక్కితే నా చేతికి అందేంత ఎత్తులోనే ఉన్నాయి. ఆయన వాటికేసి చూస్తున్నాడని నాకు తెలుసు.

"ఒకటి కొట్టి తేవే" అన్నాడు.

"ఒద్దన్నారు సిన్నాన్నా. మామ్మ సంపేత్తాది."

"మామ్మకి నాను సెప్తాన్లే. ఆ సెట్టు నాను నాటిందే. దాని నీళ్లు ఎలగుంతాయో తెలీకుండానే పోతానేటి?"

నాకు తెలుసు. చుక్క కూడా తాకించకూడదని పెద్దవాళ్లు చెప్పుకోవడం నేను నా చెవులతో విన్నాను. అయినా వెళ్లాను. పీట వేసుకుని ఎక్కి, కత్తితో కొట్టి కొట్టి ఒక బొండాం దింపాను. దాని మూతి చెక్కడానికి చాలా కష్టపడ్డాను. రెండు చేతుల్తో తెచ్చి ఇస్తే ఆయన లేచి కూర్చున్నాడు. గడగడా తాగలేదు. ఒక్కో గుక్కా నోట్లో ఉంచుకుని, కళ్లు మూసుకుని, నెమ్మదిగా మింగాడు. గడ్డం మీద నుంచి కారిన చుక్కల్ని చేత్తో తుడిచి ఆ చెయ్యి కూడా నాక్కున్నాడు.

"ఓలమ్మా, ఎంత సల్లగున్నాదో" అన్నాడు. ఆ జబ్బు వచ్చాక ఆయన మొహం అలా ఉండటం నేను చూసింది అదొక్కసారే. సగం ఉండగా నా ముందుకి చాపి, "నువ్వూ ఒక గుక్క తాగు" అన్నాడు. నేను భయంతో తల అడ్డంగా ఊపాను. మొత్తం ఆయనే తాగేశాడు. ఖాళీ బొండాన్ని పశువులపాక వెనక గడ్డిలో దాచి వచ్చాను.

ఆ మర్నాడు సాయంత్రం ఆయన పోయాడు. ఆయాసమని లేచి కూర్చున్నవాడు అలాగే పక్కకి ఒరిగిపోయాడు. మామ్మ అరుపుకి తోటల్లోంచి మనుషులు పరిగెత్తుకొచ్చారు. నేను పశువులపాక దగ్గర నిలబడి ఉన్నాను. ఎవరూ నాకేసి చూడలేదు.

పదో రోజు వెళ్లిపోయిన మర్నాడు, గడ్డి కోసం పాక వెనక్కి వెళ్లిన మామ్మ చేతిలో బొండాంతో వచ్చింది. అది అప్పటికి ఎండి గోధుమరంగు తిరిగింది. వంకరటింకర కత్తిగాట్లు స్పష్టంగా కనబడుతున్నాయి. మామ్మ వాటిని చూసింది, నన్ను చూసింది. వంటింట్లోకి వెళ్లి దాన్ని పొయ్యిలో పెట్టి మంట ఎగదోసింది. అది పూర్తిగా కాలేదాకా పొయ్యి ముందు నుంచి లేవలేదు.

ఆరేడేళ్లు ఆ సంగతి మా ఇద్దరి మధ్యా రాలేదు. నేను టీచర్ ట్రైనింగ్‌కి బయలుదేరిన రోజు, ట్రంకుపెట్టె పట్టుకుని బస్సు కోసం నిలబడితే మామ్మ పక్కన వచ్చి నిలబడింది. బస్సు దూరంగా కనబడుతుండగా నా మొహం చూడకుండానే అంది.

"ఆ బొండాం కొట్టి ఇవ్వాల్సింది నాను. ఆడు ముందుగాల నన్నే అడిగినాడు. రెండుపాలీలు అడిగినాడు. నా సేతుల మీదుగా పోతాడేమోనని బయపడి, ఇననట్టు ఎల్లిపోయినాను. నువ్వు ఇచ్చినావు."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. బస్సు వచ్చింది. ఎక్కాను. మామ్మ ఆ మాట మళ్లీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇప్పుడామె కూడా లేదు.

ఉద్యోగంలో చేరాక ఒక డాక్టరు గారిని, ఎవరి సంగతో అన్నట్టుగా అడిగాను. ఒక్క బొండానికే అలా జరుగుతుందా అని. జరగొచ్చు, జరక్కపోనూవచ్చు, ఆ స్థితిలో మనిషి ఎలాగూ ఎక్కువ రోజులు ఉండడు, చెప్పలేం అన్నాడు. ఇంకెవరినీ అడగలేదు.

చిన్నాన్న వయసుకి రెండింతలు నేను ఎప్పుడో దాటేశాను. పెళ్లయింది, పిల్లాడు పుట్టాడు, బడిలో వందలమందికి పాఠం చెప్పాను, ఎంతోమందికి వండి పెట్టాను. నా చేతి నుంచి అంత తృప్తిగా ఏదైనా అందుకున్నవాళ్లు ఎవరని వెతుక్కుంటే, ఆయనొక్కడే కనిపిస్తాడు. ఆ మొహం తలచుకుంటే ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది. ఆ సంతోషం వెనకే, నేను ఏం చేశానన్న భయం వస్తుంది. ఒకదాన్ని వదిలి రెండోది తలచుకుందామని ఎన్నో ఏళ్లు ప్రయత్నించాను. నాకు చేతకాలేదు.